చింతలపూడి కింద బొగ్గుంది, సరే, తీసేదెలా?

విశాఖలో మనకి బొగ్గంటే ఓడల్లో దిగేదే. స్టీల్‌ప్లాంట్‌కి కావాల్సిన కోకింగ్ బొగ్గు (ఇనుము తీయడానికి వాడే కోక్ తయారయ్యే రకం) ఎక్కువగా విదేశాలదే, పరవాడలోని సింహాద్రి కరెంటు ప్లాంటుకి ఒడిశా తాల్చేరు నుంచి వస్తుంది. మరి మన రాష్ట్రంలో లేదా? ఉంది, గోదావరి లోయ పొరలు సింగరేణి దగ్గర ఆగకుండా ఏలూరు జిల్లా చింతలపూడి వైపు సాగుతాయి, కాకపోతే బాగా లోతున.

డ్రిల్లింగ్‌లో తీసిన కోర్, అంటే లోపలి రాతి పొరల కడ్డీ నమూనా, ఒకసారి దగ్గరగా చూశాను. ట్రేలో వరసగా బూడిదరంగు ఇసుకరాయి కడ్డీలు, మధ్యలో జానెడు నల్లముక్క, దాన్లో ఒక చార నిగనిగలాడుతుంటే పక్క చార మసగ్గా ఉంది.

లోతు పెరిగేకొద్దీ పైకప్పు ఒత్తిడి, మీథేన్, నీటి ఊట, వీటికి తోడు కిలోమీటరుకి దాదాపు 25-30 డిగ్రీల వేడి. అందుకే తవ్వకుండా లోపలే ఆక్సిజన్, ఆవిరి పంపి గ్యాస్‌గా మార్చే పద్ధతి మీద ఆశ. 2024లో జార్ఖండ్‌లోని కాస్తాలో దీని పైలట్ ప్రాజెక్టు మొదలైంది. నాకు టెన్షన్ భూగర్భజలాల గురించే, అలా మార్చేటప్పుడు పుట్టే ఫినాల్, బెంజీన్ లాంటి విషాలు నీళ్లలో కలిస్తే బోర్ల మీద బతికే పామాయిల్ రైతు ఏమైపోవాలి? పైగా గోదావరి లోయది నాన్‌కోకింగ్ రకం, స్టీల్‌ప్లాంట్ దిగుమతి బాధ దీంతో తీరదు.