బీడీఎస్ (డెంటల్) కోసం మళ్లీ నీట్ రాయాలా? ముందు మీ ఓఎమ్మార్ తీయండి

రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచీ జూనియర్లు అడిగేది ఒకటే, "అక్కా, ఈ ర్యాంకుకి బీడీఎస్‌లో చేరిపోవాలా, లాంగ్ టర్మ్ తీసుకోవాలా?" అని. లాంగ్ టర్మ్ అంటే ఒక ఏడాది కోచింగ్‌లో కూర్చుని మళ్లీ నీట్ రాయడం. నేను లాంగ్ టర్మ్ తీసుకునే బీడీఎస్‌లోకి వచ్చా, ఇప్పుడు థర్డ్ ఇయర్. ర్యాంకు ఒక్కటే చెప్పి అడిగితే ఎవరూ సరైన సలహా ఇవ్వలేరు. ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరిలో ఒకరు మళ్లీ రాయాల్సినవాళ్లు, ఇంకొకరు చేరిపోవాల్సినవాళ్లు అయ్యుండొచ్చు.

నీట్ పెట్టే ఎన్‌టీఏ ఆన్సర్ కీతో పాటు మీ ఓఎమ్మార్ (మీరు బబుల్ చేసిన ఆన్సర్ షీట్) స్కాన్ కాపీ కూడా పెడుతుంది కదా, లింక్ తీసేయకముందే అది డౌన్‌లోడ్ చేసుకుని, క్వశ్చన్ పేపర్ పక్కన పెట్టుకుని కూర్చోండి. 180 ప్రశ్నల్లో పోయిన ప్రతిదాని పక్కనా ఎందుకు పోయిందో రాయండి: చాప్టరే చదవలేదా, చదివినా లెక్క తేలలేదా, టైమ్ చాలక వదిలేశారా, అటో ఇటో అని బబుల్ చేశారా. నా పేపర్‌లో రొటేషనల్ మోషన్, ఆల్టర్నేటింగ్ కరెంట్, వేవ్ ఆప్టిక్స్ ప్రశ్నలన్నిటి పక్కనా 'చదవలేదు' అనే పడింది. ఇంటర్ సెకండియర్ చివర్లో ప్రాక్టికల్స్, రికార్డులు, ఐపీఈ (ఇంటర్ బోర్డు పరీక్ష) లాంగ్ ఆన్సర్లతోనే సరిపోయింది మరి. బయాలజీ 90 ప్రశ్నల్లో మాత్రం పోయినవి తక్కువ. లాంగ్ టర్మ్‌లో ఐపీఈ గొడవ ఉండదు, రోజంతా నీట్‌కే, కాబట్టి ఇలాంటి లోటు ఏడాదిలో పూడుతుంది. అందుకే మళ్లీ రాశాను.

అదే ఒకసారి లాంగ్ టర్మ్ అయిపోయి, సిలబస్ రెండుసార్లు తిరగేసి, గ్రాండ్ టెస్టుల్లో నెలల తరబడి మార్కులు కదలకుండా ఉంటే ఇంకో ఏడాది అదే హాస్టల్లో అదే మెటీరియల్‌తో కూర్చోమని నేను చెప్పను, బీడీఎస్ వస్తుంటే చేరిపోండి. బబుల్ గెస్సుల వల్ల పోయినవే ఎక్కువుంటే కూడా లెక్క వేసి చూడండి. తప్పుకి ఒక మార్కు కోత కాబట్టి ఇరవై తప్పులు వదిలేసి ఉంటే మిగిలేది ఇరవై మార్కులే, ఆ ఇరవైతో మీ సీటు నిజంగా మారుతుందా?

మార్కులతో పోల్చుకోవద్దు, ర్యాంకుతోనే చూడండి. 2024లో 720కి 720 వచ్చినవాళ్లే పదుల్లో ఉంటే, 2025లో పేపర్ కష్టంగా వచ్చి ఆలిండియా ఫస్ట్ ర్యాంకు 686 దగ్గరే ఆగింది. ఆంధ్రాలో అయితే ఎన్టీఆర్ యూనివర్సిటీ, తెలంగాణలో అయితే కాళోజీ యూనివర్సిటీ పెట్టే అలాట్‌మెంట్ లిస్టుల్లో మీ కేటగిరీలో, మీ లోకల్ ఏరియాలో కన్వీనర్ కోటా (తక్కువ ఫీజు సీట్లు) చివరి ర్యాంకు ఎక్కడ ఆగిందో వెతకండి. ఇంట్లో బీ కేటగిరీ (ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంట్ సీటు) ఫీజు కడతామంటే ఆ ఫీజు ఏటా కట్టాలి, దాని పక్కన ఒక ఏడాది కోచింగ్, హాస్టల్ ఖర్చు పెట్టి అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి. సిగ్గుపడే విషయం కాదు ఇది.

ఇంకోటి, మీకు కావాల్సింది డెంటలా, ఎంబీబీఎస్సా? 'పళ్ల డాక్టరేనా' అని చుట్టాలు అంటారని మళ్లీ రాసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అఫ్జల్‌గంజ్‌లోనో, విజయవాడలోనో, కడపలోనో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఓపీకి ఒక పొద్దున వెళ్లి చూడండి. ఫస్టియర్‌లో మాకు మైనపు దిమ్మ ఇచ్చి కార్వర్‌తో పన్ను చెక్కమంటారు. మోలార్ (దవడ పన్ను) మీద కస్పులు అనే మొనలు, మధ్యలో గాడులు అన్నీ కొలత ప్రకారం రావాలి, కొంచెం ఎక్కువ గీరితే మళ్లీ కొత్త దిమ్మ. గంటలు గంటలు అలా కూర్చోవడం నాకు ఇష్టం. ఆ పని నచ్చేవాళ్లకి నాలుగేళ్ల చదువూ, ఏడాది ఇంటర్న్‌షిప్పూ బరువనిపించవు. చేతిపని అంటేనే విసుగైతే మీ సంగతి వేరు, ఎంబీబీఎస్ కోసమే రాయండి.

ఏది తేల్చుకున్నా కౌన్సెలింగ్ చివరి రౌండ్ దాకా లాగొద్దు. ఆలిండియా కోటాలో మొదటి రౌండ్ సీటు వదిలేస్తే ఏమీ పోదు, రెండో రౌండ్‌లో అయితే డిపాజిట్ పోతుంది. స్ట్రే రౌండ్‌లో (మిగిలిపోయిన సీట్లకి పెట్టే చివరి రౌండ్) సీటు వచ్చాక చేరకపోతే తర్వాతి ఏడాది నీట్ రాయకుండానే ఆపే నిబంధన ఉంది. లాంగ్ టర్మ్ అనుకున్నవాళ్లు ఊరికే ఆప్షన్లు పెట్టి ఇందులో ఇరుక్కోవద్దు. స్టేట్ కోటాకి రూల్స్ వేరేగా ఉంటాయి, మీ ఏడాది నోటిఫికేషన్‌లో సీటు వదులుకోవడం గురించి ఉన్న పేరా పూర్తిగా చదివాకే వెబ్ ఆప్షన్లు పెట్టండి.