30 సెకన్ల ముచ్చట

మా బాబాయ్‌ది వరంగల్ ఏనుమాముల మార్కెట్‌ల మిర్చి అడ్తి దుకాణం. మూడేండ్ల లెక్కలన్నీ ఎక్సెల్‌ల ఉన్నయ్, వెబ్‌సైట్‌ల ఎక్కియ్యమన్నడు. పైసలెందుకు పెట్టుడు అని ఫ్రీ హోస్టింగ్, అంటే వెబ్‌సైట్ పెట్టుకునేతందుకు సర్వర్ల ఉత్తగ ఇచ్చే జాగ, తీసుకున్న. అక్కడ్నే దొరికిపోయిన.

మొత్తం 6,200 వరుసలు. 30 సెకన్లు అయ్యిందంటే, వాటిని ఎక్కించేతందుకు నేను రాసిన స్క్రిప్ట్ టక్కున ఆగుడే. ఆ స్క్రిప్ట్ రాసిన భాష పీహెచ్‌పీల మామూలుగ ఉండే హద్దే అది. ఆ హద్దు పెంచే సెట్ టైమ్ లిమిట్ ఫంక్షన్ రాసి చూసిన, హోస్టింగోళ్లు దాన్నే బంద్ పెట్టిన్రు. వాళ్లనీ ఏమనలేం, ఒక్క సర్వర్ మీద ఎంతమంది బతుకుతున్నరో.

అసలు గోస ఆగుడు కాదు. మళ్లీ నడిపిస్తే ముందు ఎక్కినయే ఇంకోసారి ఎక్కినయ్. ఒకే రైతు, అవే బస్తాలు, మూడుసార్లు! బాబాయ్ చూసి "ఏందిరా, నన్ను ముంచుతవా?" అన్నడు. తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) నంబర్‌కు యూనిక్ కీ, అంటే ఒకే నంబర్ రెండోసారి ఎక్కకుండ ఆపే కట్టు, పెట్టినంక గని ఆ లొల్లి తప్పలే.

ఇగ వేగం సంగతి. నేను ఒక్కో వరుసకు ఒక్కో ఇన్సర్ట్ (డేటాబేస్‌ల ఎక్కించమనే ఆజ్ఞ) పంపుతున్న. డేటాబేస్ పాపం ప్రతిదాన్నీ విడిగా కమిట్ (ఖాయం) చేసి డిస్క్ మీద రాసుకుంటది, లేటు కాక ఏమైతది? 200 వరుసలు ఒక్క ఇన్సర్ట్‌ల కట్టి, ఎక్కడిదాక వచ్చిందో ఒక టేబుల్‌ల గుర్తు పెట్టి, పేజీ దానంతటదే మళ్లీ తెరుచుకునేటట్టు చేసిన. 31 గుంపులు. నడుమ కరెంట్ పోయింది, అయినా ఆగిన కాడ్నుంచే అందుకుంది.

బాబాయ్ మాత్రం పొద్దున చూస్తే మళ్ల ఆ ఎర్ర అట్ట పుస్తకంలనే రాస్తున్నడు.