550 వాట్ల డబ్బా 220 వాట్ల కార్డు దగ్గర ఎందుకు చేతులెత్తేసింది

కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బాను, అంటే పవర్ సప్లైని, కొత్తది బిగించి ఇవాళ్టికి నాలుగు రోజులైంది. ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు పూర్తి 220 వాట్లతో నడుస్తోంది, దానంతట అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ ఒక్క మాట రాసే స్థితికి రావడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది కనుక, ఆ రోజుల్లో ఏం కొలిచానో, ఎక్కడ పొరబడ్డానో ఇక్కడ వివరంగా రాసి పెడుతున్నాను.

కావలిలో మేడ మీది గదిలో ఉన్న ఈ కంప్యూటర్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఐదేళ్ల కిందట కొన్న 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై ఉన్నాయి. ఇన్నాళ్లూ జీటీఎక్స్ 1650 కార్డు వాడాను. అది 75 వాట్లకు మించదు కాబట్టి పవర్ సప్లై అనే వస్తువు ఒకటి ఉందన్న సంగతే మరిచిపోయాను. వాడిన 3070 ఒకటి మంచి ధరకు దొరకగానే కూడికలు వేసుకున్నాను: కార్డుకు 220, ప్రాసెసర్‌కు ఎక్కువలో ఎక్కువ 76, మిగిలిన సరంజామాకు 50, మొత్తం 346 వాట్లు. చేతిలో ఇంకా రెండు వందల వాట్లు మిగులుతున్నాయని నిశ్చింతగా కార్డు బిగించాను.

మొదటి సాయంత్రమే, ఆట మొదలైన ఆరో నిమిషంలో తెర నల్లబడింది. ఇది విండోస్ కూలిపోవడం కాదు, రీస్టార్టు కూడా కాదు. ఫ్యాన్లు, దీపాలు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి, ముందున్న బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. వెనకనున్న స్విచ్ ఆపి, పది సెకన్లు ఆగి, మళ్లీ వేస్తేనే ప్రాణం వచ్చింది. విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 తప్ప మరేమీ లేదు, అది చెప్పేదల్లా కరెంటు హఠాత్తుగా పోయిందని మాత్రమే. స్విచ్ ఆపితే తప్ప లేవకపోవడం పవర్ సప్లై తనను తాను కాపాడుకోవడానికి తాళం వేసుకున్నదనడానికి గుర్తు. ఈ సంగతిని నేను మొదటి రోజే పట్టించుకుని ఉంటే రెండు వారాలు మిగిలేవి.

కానీ నా అనుమానం ముందుగా వీధి కరెంటు మీదికి పోయింది. రోహిణి కార్తె ఎండల్లో రాత్రి ఎనిమిది దాటితే మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఏసీలు తిరుగుతాయి. సాకెట్ దగ్గర 230 ఉండవలసిన చోట మీటరు 194 వోల్టులు చూపించింది. ఫ్రిజ్‌కు పెట్టిన స్టెబిలైజర్‌ను రెండు రాత్రులు అరువు తెచ్చుకున్నాను. మా ఇంట్లో దానికి పడిన మాటలు ఇక్కడ అప్రస్తుతం. వోల్టేజి 220కి వచ్చింది, కంప్యూటర్ మాత్రం యథాప్రకారం ఆరేడు నిమిషాలకు ఆగింది. పైగా స్టెబిలైజర్‌లో రిలే టక్కున మారినప్పుడల్లా ఒక్కొక్కసారి రీస్టార్టు కావడం కొత్తగా మొదలైంది. ఈ రీస్టార్టు, ఆ తాళం పడటం రెండు వేర్వేరు జబ్బులని గ్రహించకుండా ఒకే చీటీ మీద రాసుకోవడం నేను చేసిన పెద్ద పొరబాటు.

తర్వాత వైర్ల వంతు. కార్డుకున్న రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లకూ తోకలా కొనసాగే ఒకే వైరు వాడాను. ఆట నడుస్తుండగా కార్డు దగ్గర 12 ఉండవలసిన వోల్టేజి 11.71 ఉంది. రెండు విడి వైర్లు పెడితే 11.83కు పెరిగింది. ప్రమాణం ప్రకారం 11.40 వరకు పరవాలేదు కాబట్టి రెండూ హద్దులోనే ఉన్నాయి, ఆగిపోవడంలోనూ తేడా రాలేదు. వేడి కారణమేమోనని తెల్లవారుజామున ఐదింటికి, గది 29 డిగ్రీలున్నప్పుడు నడిపి చూస్తే ఏడు నిమిషాలు ఓర్చుకుంది. మధ్యాహ్నం 38 డిగ్రీల దగ్గర నాలుగున్నర నిమిషాలే నిలిచింది. వేడి దాన్ని తొందరపెడుతున్నదే కాని అసలు కారణం కాదని తేలింది. డ్రైవర్లు తుడిచి వేయడం, ర్యామ్ వేగం తగ్గించడం వంటివన్నీ చేశాను, ఒక్కదానికీ ఫలితం లేదు.

దారి చూపింది పవర్ లిమిట్, అంటే కార్డు లాగే వాట్లకు సాఫ్ట్‌వేర్‌లో పెట్టే హద్దు, తగ్గించడం. 220 వాట్ల దగ్గర సగటున ఆరు నిమిషాలకు ఆగేది. 190కి దించితే నలభై నిమిషాలు నడిచి ఒకసారి ఆగింది. 160 దగ్గర మూడు గంటలు నడిచినా ఏమీ కాలేదు. ఇంకొక విచిత్రం కూడా కనిపించింది: యుద్ధం జోరుగా సాగేటప్పుడు కంటే, లోడింగ్ తెర పోయి మెనూ ప్రత్యక్షమైన క్షణంలోనే ఎక్కువసార్లు ఆగుతోంది. మెనూలో ఫ్రేములకు అదుపు లేక కార్డు ఒక్కసారిగా పరుగందుకుంటుంది. మెనూను 60 ఫ్రేములకు కట్టేస్తే ఆగడం సగానికి తగ్గింది. గోడ దగ్గర పెట్టిన వాట్ మీటరు 380 దాటలేదు, మల్టీమీటరు కూడా ఏమీ పట్టుకోలేదు. మిల్లీ సెకన్లలో లేచి పడే కరెంటు కెరటాలు ఈ పరికరాల కంటికి ఆనవు.

అప్పుడు క్యాబినెట్ విప్పి పవర్ సప్లై పక్కనున్న లేబుల్‌ను మొదటిసారి శ్రద్ధగా చదివాను. 550 అనే అంకెలో 5 వోల్టులు, 3.3 వోల్టుల లెక్క కూడా కలిసి ఉంది. 12 వోల్టుల మీద ఇచ్చేది 38 ఆంపియర్లు, అంటే 456 వాట్లే. అదీ రెండు పాయలుగా (ఇంగ్లీషులో రైల్స్ అంటారు), ఒక్కొక్క పాయకు 20 ఆంపియర్ల పరిమితితో ఉంది. పవర్ సప్లైతో వచ్చిన కాగితంలో చూస్తే రెండో పాయ ప్రాసెసర్‌కు ప్రత్యేకం, మదర్‌బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు అన్నీ మొదటి పాయ మీదే. కార్డు 220 వాట్లంటే 18.3 ఆంపియర్లు, మిగిలినవి ఒకటిన్నర అనుకుంటే సగటు మీదే 20 అంచున కూర్చున్నాను. రక్షణ వలయాన్ని తయారీదారులు లేబుల్ అంకె కంటే కొంత పైన బిగిస్తారు కాబట్టి సగటు భారాన్ని అది మోసింది, రెట్టింపుకు ఎగసే క్షణికమైన కెరటాన్ని మోయలేక తాళం వేసుకుంది. నా కూడిక మొత్తంలో సరిపోయింది, పంపకంలో తప్పింది. డబ్బా లోపలి హద్దు సరిగ్గా ఎంతో కొలిచే సాధనం నా దగ్గర లేదు కనుక ఇది ఊహే, కాని పైన రాసిన ప్రతి కొలతా దీనికి అతుకుతోంది.

కొనడానికి నెల్లూరు ట్రంకు రోడ్డుకు వెళితే, కొట్టులో కుర్రవాడు "850 తీసుకోండన్నా, మళ్లీ చూసుకునే పని ఉండదు" అన్నాడు. 3070కు ఎన్‌విడియా చెప్పేది 650 వాట్లే. నేను 750 దగ్గర ఆగాను, అదీ ముందు ముందు 300 వాట్ల ఆర్‌టీఎక్స్ 5070 టీఐ మీద ఆశ ఉండబట్టి. వాట్ల కంటే నేను పట్టుబట్టినవి వేరే ఉన్నాయి. పవర్ సప్లైలు ఎలా ఉండాలో చెప్పే, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, ప్రకటించిన వాట్లకు రెట్టింపు భారాన్ని వంద మైక్రో సెకన్ల పాటు తట్టుకోవాలని అడుగుతుంది. నా జబ్బుకు సూటి మందు అదే కాబట్టి ఆ ప్రమాణానికి, లేదా దాని తర్వాతి దానికి, లోబడని డబ్బా వద్దనుకున్నాను. గోల్డ్, బ్రాంజ్ బిళ్లలకు మన వాళ్లు ఇచ్చే గౌరవం నాకు అతిగా తోస్తుంది. ఆ బిళ్ల పొదుపును మాత్రమే చెబుతుంది, కెరటాల సంగతి చెప్పదు. పైగా ఆ పరీక్షలు 23 డిగ్రీల దగ్గర జరుగుతాయి, మే నెలలో మా గదికి 23 డిగ్రీలు కలలోని మాట. అందుకే ఎన్ని డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందో చూసి, 50 డిగ్రీలని ఉన్న కోర్సైర్ ఆర్ఎం750ఎక్స్ తీసుకున్నాను. పదేళ్ల వారంటీ, 12 వోల్టుల మీద ఒకే పాయగా 62.5 ఆంపియర్లు. సీసానిక్ ఫోకస్ జీఎక్స్ 750 కూడా నాకు సమ్మతమే, ఆ రోజు దొరకలేదు. ఒకే పాయ అన్ని విధాలా మేలని నేను అనను. వైరు ఎక్కడైనా కాలితే చిన్న హద్దులున్న పాయలే ముందు ఆపుతాయి, కాని ఆ హద్దులు కార్డుకు తగినట్టు ఉండాలి.

తాళం జబ్బు అంతటితో పోయింది. రీస్టార్టు జబ్బు మిగిలింది. స్టెబిలైజర్ రిలే మారినప్పటిలాగే, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే చిన్న సందులోనూ యంత్రం నిలబడాలి. పవర్ సప్లై నుంచి ఏటీఎక్స్ ప్రమాణం చాలా కాలంగా కోరుతూ వచ్చిన ఓర్పు 16 మిల్లీ సెకన్లు, అంటే మన 50 హెర్ట్‌జ్ కరెంటులో ఒక పూర్తి ఆవృత్తి కూడా కాదు. నిన్న మెయిన్ స్విచ్ పదిసార్లు ఆపి చూశాను. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో ఉంటే ఆట నడుస్తుండగా పదిసార్లూ రీస్టార్టే. ఇన్వర్టర్ వెనకనున్న స్విచ్‌ను, త్వరగా అందుకునే యూపీఎస్ మోడ్‌కు మార్చాక పదింటిలో ఏడు సార్లు నిలిచింది, ఖాళీగా ఉన్నప్పుడు పదికి పదీ నిలిచింది. ఆ మూడు వైఫల్యాలు భారం వల్లనా, మా పాత ఇన్వర్టర్ ఇచ్చే చతురస్రపు తరంగం పవర్ సప్లైలో కరెంటు లాగే తీరును సరిదిద్దే యాక్టివ్ పీఎఫ్‌సీకి పడకనా అన్నది తేల్చవలసి ఉంది.

ఈ ఆదివారం వోల్టేజి తగ్గించి కార్డును 0.9 వోల్టులు, 1850 మెగాహెర్ట్‌జ్ దగ్గర కట్టి, 170 వాట్లకు దిగుతుందేమో చూసి, అదే స్విచ్ పరీక్షను మళ్లీ పదిసార్లు చేస్తాను. అప్పటికీ పడిపోతే నేరం తరంగానిదే అనుకుని, పక్కింటి వారి సైన్ వేవ్ ఇన్వర్టర్ నుంచి ఒక గంట వైరు లాక్కుంటాను. వారు ఒప్పుకున్నారు. ఈలోగా ఎర్త్ గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయాలి, క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి.