ఆఫీసు కంప్యూటర్‌కు బదులు ఇంట్లోని కెమెరా పెట్టె పలికినప్పుడు

కావలిలో మా ఇంట్లో కూర్చుని హైదరాబాదు ఆఫీసులోని కంప్యూటర్ మీద పనిచేయడం నాకు మూడేళ్లుగా అలవాటు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌లోకి వెళ్లే సురక్షితమైన దారి) కలిపి, ఆ తరువాత రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే అక్కడి తెర ఇక్కడ కనిపిస్తుంది. కార్తీకంలో పడిన వానలకు మా పాత రౌటర్ కాలిపోయి, కేబుల్ ఆయన కొత్తది పెట్టి వెళ్లిన మరునాటి నుంచి ఆ తెర రావడం మానేసింది. వీపీఎన్ చక్కగా కలుస్తోంది, మెయిల్ వస్తోంది, ఆఫీసు లోపలి పేజీలు తెరుచుకుంటున్నాయి. నా కంప్యూటర్ ఒక్కటే దొరకడం లేదు. కారణం పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇదే ఇబ్బంది వచ్చినవారికి ఆ రెండు రోజులు మిగలాలని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి రోజంతా పాస్‌వర్డ్‌ను అనుమానించాను. అంతకు ముందు వారమే దాన్ని మార్చి ఉండడమే అందుకు కారణం. కానీ పాస్‌వర్డ్ తప్పయితే అవతలి కంప్యూటర్ దాకా వెళ్లి, అది కాదన్నాక వెనక్కి రావాలి. నాకైతే పాస్‌వర్డ్ అడిగే చోటి దాకా కూడా వెళ్లడం లేదు. ఈ తేడాను మొదటి గంటలోనే గమనించి ఉంటే ఆ రోజు వృథా అయ్యేది కాదు. సాయంత్రం నాన్న గుమ్మం దగ్గర నిలబడి, "ఏందమ్మా, ఇంకా కలవలా?" అని అడిగి, తన ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించమన్నారు. ఫోన్‌తో వెంటనే కలిసింది. అంటే ల్యాప్‌టాప్, పాస్‌వర్డ్, ఆఫీసు కంప్యూటర్ మూడూ బాగానే ఉన్నాయి, లోపం మా ఇంటి నెట్‌లోనే ఉంది. రిమోట్ లాగిన్ పనిచేయనప్పుడు అన్నిటికన్నా ముందు చేయవలసిన పరీక్ష ఇదేనని ఇప్పుడు నా అభిప్రాయం.

రెండో రోజు ఉదయం ఇంటి వైఫైతోనే వీపీఎన్ కలిపి, కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఆఫీసు కంప్యూటర్ పేరుకు పింగ్ కొట్టాను, అంటే అది పలుకుతోందా అని అడిగాను. పేరుకు బదులుగా 192.168.1.10 అనే చిరునామా వచ్చింది, నాలుగు సార్లూ జవాబు కూడా వచ్చింది. దారి బాగుందనుకుని మరో గంట వేరే చోట వెతికాను. తరువాత మళ్లీ చూస్తే, ఒక్కొక్క జవాబు 1 మిల్లీసెకనులో వచ్చినట్టు ఉంది. కావలి నుంచి హైదరాబాదుకు సూటిగా కొలిచినా 300 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, పోయి రావడానికే 3 మిల్లీసెకన్లు కావాలి. ఒక్క మిల్లీసెకనులో వచ్చిన జవాబు హైదరాబాదుది కానే కాదు. దారిలోని మజిలీలను చూపే ట్రేసర్ట్ ఆదేశం కూడా ఒక్క అడుగులోనే ముగిసింది. ఆ పలుకుతున్నది మా ఇంట్లోనే ఉంది.

అప్పుడు వరండా కెమెరాల దృశ్యాలను దాచే డీవీఆర్ పెట్టె గుర్తొచ్చింది. రౌటర్ మారినప్పుడు కెమెరాలు బిగించే కుర్రవాడు వచ్చి దానికి కొత్త నంబరు, అంటే నెట్ చిరునామా, పెట్టి వెళ్లాడు. టీవీ వెనక చేయి పెట్టి దాని నెట్ వైరు పీకి మళ్లీ పింగ్ కొడితే, ఈసారి "రిప్లై ఫ్రమ్ 192.168.1.34: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని వచ్చింది. ఆ 34 నా ల్యాప్‌టాప్ నంబరే. అవతలివారు దొరకలేదని నా ల్యాప్‌టాప్ తనకు తానే చెప్పుకుంటోంది.

జరిగినది ఇది. బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా ఇళ్లలో, ఆఫీసుల్లో వాడుకోవడానికి మూడు వరుసల చిరునామాలను 1990లలోనే కేటాయించారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉండేవి, 192.168తో మొదలయ్యేవి. ఎవరినీ అడగకుండా ఎవరైనా వాడుకోవచ్చు కనుక, ఒకే నంబరు వేల ఇళ్లలో ఉంటుంది. మా పాత రౌటర్ 192.168.100 వరుసను పంచేది, కొత్తది 192.168.1 వరుసను పంచుతోంది. ఆఫీసులో మా విభాగం కంప్యూటర్లదీ అదే వరుస. చిరునామా తన సొంత వరుసలోదిగా కనిపిస్తే, మా కంపెనీ వీపీఎన్ అమర్చిన తీరులో, ల్యాప్‌టాప్ దాన్ని వీపీఎన్ వైపు పంపదు. ఈ నంబరు ఎవరిదని ఇంట్లోనే కేక వేసి, పలికినవారికే అప్పగిస్తుంది. మా ఇంట్లో డీవీఆర్ పలికింది. రిమోట్ డెస్క్‌టాప్ తట్టే 3389 పోర్టు (ఒక్కో సేవకు కేటాయించిన తలుపు నంబరు) దానిలో లేదు కనుక తెర రాలేదు. మెయిల్, ఆఫీసు పేజీలు 10 వరుసలో ఉన్నందువల్ల వాటికి ఏ ఆటంకమూ కలగలేదు.

పక్కింటి అబ్బాయి ఏదో ఉచిత రిమోట్ సాఫ్ట్‌వేర్ వేసుకోమన్నాడు. ల్యాప్‌టాప్ నాది కాదు, కంపెనీది; వారికి తెలియని తలుపు దానిలో తెరవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పింగ్, ట్రేసర్ట్, ఏ చిరునామా ఏ దారిన పోతుందో చూపే రూట్ ప్రింట్ వంటివాటికి అడ్మిన్ అనుమతి అవసరం లేదు, వాటితో ఏదీ మారదు, కాబట్టి పరీక్షలు ల్యాప్‌టాప్‌లో చేసి, మార్పు మాత్రం రౌటర్‌లో చేశాను.

ముందుగా రూట్ ప్రింట్‌లో వీపీఎన్ ఏయే వరుసలను తనవిగా చెప్పుకుంటోందో చూసి, వాటిలో లేని 192.168.77ను ఎంచుకున్నాను. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, ల్యాన్ (ఇంటి లోపలి నెట్) సెట్టింగ్స్‌లో రౌటర్ చిరునామాను 192.168.77.1గా, పంచే నంబర్లను అదే వరుసలోకి మార్చి సేవ్ చేస్తే రౌటర్ ఆగి మళ్లీ లేచింది. ఆ పేజీ పాస్‌వర్డ్ కొన్నిచోట్ల కేబుల్ వారి దగ్గరే ఉంటుంది. అప్పుడు వారినే అడిగి మార్పించుకోవాలి. చేతితో నంబరు పెట్టిన డీవీఆర్, ప్రింటర్ వంటివి పాత వరుసలోనే ఉండిపోతాయి కనుక వాటినీ మార్చాలి. నాన్న ఫోన్‌లో వరండా కనిపించడం ఆగిపోవడంతో కెమెరాల కుర్రవాణ్ని ఆ సాయంత్రమే మళ్లీ పిలవవలసి వచ్చింది.

ఆఫీసు ఐటీ విభాగానికి పింగ్ జవాబుల తెరచిత్రాలతో సహా మెయిల్ రాశాను. కొత్త రౌటర్లు చాలావరకు 192.168.1 లేదా 192.168.0 వరుసతోనే వస్తాయి కాబట్టి, ఇంటి నుంచి పనిచేసే మరొకరికి రేపు ఇదే జరుగుతుంది. ఆఫీసు వైపు వరుస మారిస్తేనే అది శాశ్వతంగా తీరుతుందని వివరించాను. రౌటర్ లేచాక మళ్లీ పింగ్ కొడితే 28 మిల్లీసెకన్లు చూపింది. రిమోట్ డెస్క్‌టాప్ తెరవగానే పాస్‌వర్డ్ అడిగింది.