నిలబడితే వేడి, కదిలితే చల్లన

శనివారం, రాత్రి పది దాటింది.

వచ్చే వారం చిత్తూరు వెళ్లి అమ్మను తీసుకురావాలి. పోయేటప్పుడు పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుడే కాబట్టి ఇంజనుకు కష్టం లేదు. వచ్చేటప్పుడే ఎక్కాలి, అదీ ఎండ పూట, మోకాళ్ల నొప్పితో అమ్మ వెనక సీట్లో ఉండగా. అందుకే ఈ కారు వేడెక్కే సంగతి ఇవాళ తేల్చేయాలనుకున్నాను. తేలింది కూడా. వివరాలు మరుగున పడకముందే రాసి పెట్టుకుంటున్నాను.

కొన్నాళ్లుగా ఆఫీసు నుంచి వచ్చే దారిలో, బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద మహదేవపుర దాటి టిన్ ఫ్యాక్టరీ దగ్గర బండ్లన్నీ నిలిచిపోయే చోట, టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకుతోంది. ఏసీ గాలి కూడా సరిగ్గా అక్కడే వెచ్చబడుతోంది. కాస్త రోడ్డు దొరికి బండి కదిలిందంటే ముల్లు దానంతటదే దిగుతుంది. ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్తే, అక్కడాయన బానెట్ ఎత్తకుండానే "హెడ్ గ్యాస్కెట్ పోయుంటుంది, ఇంజను విప్పాలి" అనేశాడు. ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య బిగించే సీలు అది. ఖర్చు సంగతి అటుంచి, ఎక్కడ వేడెక్కుతోంది, ఎప్పుడు వేడెక్కుతోంది అని ఒక్క మాట అడగలేదే అన్న కోపం నాకింకా పోలేదు. జ్వరం వచ్చిందని వెళ్తే నాడి కూడా పట్టకుండా ఆపరేషన్ అన్నట్టుంది.

మా రామమూర్తి నగర్‌లో వీధి చివర షెడ్డు నడిపే మదనపల్లి అన్న మొదట అడిగిందే అది.

"యాడ వేడెక్కుతాందిమ్మా? నిలబడినప్పుడా, పోతా ఉన్నప్పుడా?"

"నిలబడినప్పుడే అన్నా. రోడ్డు ఖాళీగా ఉంటే ఏమీ లేదు."

"ఏసీ?"

"సిగ్నల్ దగ్గర చల్లదనం తగ్గిపోతోంది."

తల ఊపి, "అయితే రాత్రికే బండి ఈడ ఇడిసిపెట్టి పో. పొద్దునకు ఇంజను సల్లగుండాల" అన్నాడు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే లోపలి ఒత్తిడి ఒక్కసారి వదులై, మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. చల్లని ఇంజను కావాలనడానికి అదొక కారణం. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో ఇంజను చెప్పే సంగతులు వేడెక్కాక దొరకవు, అది రెండోది.

ఆ రెండు ప్రశ్నల్లోనే సగం పని అయిపోతుందని పొద్దున పక్కన నిలబడి చూశాకే బాగా అర్థమైంది. పెట్రోలు మండితే పుట్టే వేడిలో సుమారు మూడో వంతును ఇంజనులో తిరిగే కూలంట్, అంటే చల్లబరిచే ద్రవం, మోసుకెళ్లి రేడియేటర్‌లో వదలాలి. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని లేదు. నిలబడితే ఫ్యానే దిక్కు. కాబట్టి ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కే బండిలో ముందు గాలి దారి చూడాలి. హైవే మీదో, ఎక్కుడులోనో వేడెక్కి, నిలబడితే బాగుండే బండిలో నీటి దారి చూడాలి: రేడియేటర్ లోపల పాచి పట్టడం, వాటర్ పంపు నీరసించడం, వేడిని బట్టి కూలంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, అదే థర్మోస్టాట్, పూర్తిగా తెరుచుకోకపోవడం. అసలు ఎంతకీ వేడెక్కని బండి కూడా ఉంటుందట. దాంట్లో థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతుంది, మైలేజీ పడిపోతుంది, ముల్లు కింద ఉంది కదా అని ఎవరూ పట్టించుకోరు.

నేను వెళ్లేసరికే మూత తీసి చూస్తున్నాడు. కూలంట్ అంచుకు కాస్త కిందుగా ఉంది, అంతే. రంగు మాత్రం పచ్చదనం పోయి బురదగా ఉంది. కారు మేం కొన్నది పాతది, అంతకుముందు ఎవరో బోరు నీళ్లు పోస్తూ వచ్చారని ఆయన అనుమానం. మూత అంచున తెల్లటి సున్నం పొర చూపించాడు. బెంగళూరు బోరు నీళ్లతో కాగే గీజరు కాయిల్ చూసినవాళ్లకు ఆ పొర కొత్త కాదు. తర్వాత ఆయిల్ పోసే మూత తీశాడు. దాని కింద మీగడ లాంటి తెలుపు ఉంటే నీళ్లూ ఆయిలూ కలిసినట్టు. శుభ్రంగా ఉంది.

హెడ్ గ్యాస్కెట్ మాట నా మనసులో ముల్లులా ఉందని గ్రహించాడేమో, దాన్నే ముందు తేల్చాడు. మూత తీసే ఉంచి స్టార్ట్ చేయమన్నాడు. గ్యాస్కెట్ పోయుంటే సిలిండర్‌లో కాలిన గాలి కూలంట్‌లోకి దూరి బుడగలు ఆగకుండా వస్తాయి. మొదట నాలుగైదు వచ్చి ఆగిపోయాయి, అవి లోపల చిక్కిన మామూలు గాలివట. అంతటితో వదల్లేదు. రేడియేటర్ నోటి మీద గాజు గొట్టం పెట్టి, అందులో నీలం ద్రవం పోసి, పైనుంచి రబ్బరు బుడ్డితో ఆవిరి లాగాడు. కాలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఆ నీలం పసుపవుతుంది. చాలాసేపు లాగాడు. నీలం నీలంగానే ఉంది. ఇంజను విప్పే మాట అక్కడితో పోయింది.

ఆ తర్వాత మూత బిగించి, స్టీరింగు కింది సాకెట్‌కు చిన్న పరికరం తగిలించి, తన ఫోను నా చేతికిచ్చి కూలంట్ వేడి ఎన్ని డిగ్రీలో చదవమన్నాడు. డాష్‌బోర్డు ముల్లును నమ్మొద్దని చెప్పాడు. చాలా బండ్లలో ముల్లు మధ్యలోనే కదలకుండా నిలబడేలా చేస్తారు, అది కదిలే లోపే అసలు వేడి చాలా పెరిగి ఉంటుంది. కూలంట్ బాగా తగ్గిపోతే సెన్సార్‌కు నీళ్లు తగలక ముల్లు కిందికి కూడా దిగొచ్చు, ఆ దిగుడు ఇంకా ప్రమాదం.

నేను చదువుతున్నాను. 70. 78. 84. థర్మోస్టాట్‌లోని మైనం కరిగి వాల్వును తోసే వేడి 82 దగ్గర. 85 దాటగానే పై హోస్ పైపు చురుక్కుమంది, కాసేపటికి కింది పైపూ వేడెక్కింది. అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది, పంపు తోస్తోంది, రేడియేటర్ దారి మూసుకుపోలేదు. చేత్తో పైపులు తాకి ఇన్ని సంగతులు చెప్పొచ్చని నాకు ఇవాళే తెలిసింది. 95. ఈ బండిలో 97 దగ్గర ఫ్యాన్ తిరగాలన్నాడు. 97. 99. 101. ఇద్దరం గ్రిల్ వైపే చూస్తున్నాం. 104 దగ్గర ఇంజను ఆపేశాడు.

"దొరికిందిమ్మా."

ఏసీ వేసి చూస్తే రెండు ఫ్యాన్లలో ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ముందరిది తిరుగుతోంది, రేడియేటర్‌ది కదలడం లేదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఏసీ ఎందుకు వెచ్చబడిందో కూడా ఇక్కడే తేలిపోయింది: రెండు ఫ్యాన్ల గాలి కావాల్సిన చోట ఒక్కటే పనిచేస్తోంది. అయినా వెంటనే ఫ్యాన్ మార్చేద్దామనలేదు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే రెట్టింపయింది. ఫ్యూజు తీసి చూశాడు, బాగుంది. హారన్ రిలేను, అంటే దానికి కరెంటు వదిలే స్విచ్చును, తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టాడు, తేడా లేదు. ఫ్యాన్ కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెడితే వెలిగింది, అంటే కరెంటు వస్తోంది. చివరికి బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు ఇచ్చాడు, అయినా ఉలుకూ పలుకూ లేదు. స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద మెల్లగా తడితే అర చుట్టు తిరిగి ఆగింది. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. ఒక్కోసారి తగిలి ఒక్కోసారి తగలక ఉండటం వల్లే కొన్ని సాయంత్రాలు బాగుండి కొన్ని సాయంత్రాలు వేడెక్కింది.

మోటారు కోసం నేనే జేసీ రోడ్డుకు వెళ్లాను. కేఆర్ పురలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, మార్కెట్ దగ్గర దిగి నడక. 2023 అక్టోబరులో కేఆర్ పుర, బైయప్పనహళ్లి మధ్య ముక్క కలిశాక ఇటువైపు వాళ్లకు ఈ ప్రయాణం చాలా తేలికైంది. పాత మోటారును సంచిలో వేసుకుని కొట్టు కొట్టూ అడిగితే, మూడో మెట్టు మీద కూర్చున్న ముసలాయన కన్నడంలో మొదలుపెట్టి నా యాస విని తెలుగులోకి మారి, కనెక్టర్ పోల్చి చూసి మరీ ఇచ్చాడు. రేడియేటర్ మూత కూడా తీసుకున్నాను, 0.9 బార్ ఒత్తిడి పట్టేది. పాత దాని రబ్బరు గట్టిపడి పగిలింది.

ఆ మూత విలువ బెంగళూరు వాళ్లకు ఇంకాస్త ఎక్కువ. ఈ ఊరు సముద్రానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి తెరిచిన గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఫ్యాన్ తిరగాల్సిన వేడీ అంతే! మూత ఒత్తిడి పట్టి ఉంచితేనే వట్టి నీళ్లయినా 115 దాటేదాకా మరగవు, కూలంట్ కలిస్తే ఇంకా పైకి. మూత నీరసిస్తే మిగతావన్నీ బాగున్నా కూలంట్ పొంగి బయటికి పోతుంది.

నేను తిరిగొచ్చేసరికి అన్న రేడియేటర్ విప్పి రెక్కల్లోని దుమ్ము కడుగుతున్నాడు. రింగ్ రోడ్డు పొడుగునా మెట్రో పనుల దుమ్ము, అందులో అతుక్కున్న పురుగులు. ఇంజను వైపు నుంచి బయటికి, నెమ్మదైన ధారతో కడిగాడు. ప్రెషర్ గన్‌తో కొడితే రెక్కలు వంగిపోయి గాలి దారి అసలుకే మూసుకుపోతుందట. లోపలి బురద నీళ్లు వంపేసి, తేటగా వచ్చేదాకా కడిగి, కొత్త కూలంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోశాడు. హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి, లోపలి గాలి బుడగలన్నీ పోయేదాకా మూత తీసి నడిపించాడు.

సాయంత్రం ఆరున్నరకు, కావాలనే, టిన్ ఫ్యాక్టరీ వైపు తీసుకెళ్లాం. ఏసీ వేసి, బస్సుల మధ్య నిలబడి, ఫోను చూస్తూ కూర్చున్నాం. 93, 96, ఫ్యాన్ చప్పుడు, మళ్లీ 92. ఎంతసేపున్నా అంతకు మించలేదు. ఏసీ చల్లగా వచ్చింది. మజూరీ ఎంతని అడిగితే ఆయన చెప్పింది నాకు తక్కువనిపించి ఎక్కువే ఇచ్చాను. మొదట వద్దని, పిల్లోడి పుస్తకాలకని చెప్తే తీసుకున్నాడు.

అమ్మకు ఫోన్ చేసి బుధవారం వస్తున్నానని చెప్పాను. ఈ మూడు రోజులూ పొద్దున్నే, చల్లని ఇంజను మీద, కూలంట్ గీత వరకు ఉందో లేదో చూడాలి. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర తడి మరక కనిపిస్తే చిత్తూరు బయల్దేరకుండా నేరుగా షెడ్డుకు రమ్మన్నాడు అన్న.