ఒంగోలు లింకు తెగితే నెల్లూరు రూటరుకు ఎప్పుడు తెలుస్తుంది?

డిస్టెన్స్ వెక్టర్ రూటింగ్ (పక్క రూటర్లు చెప్పిన దూరాలను బట్టి ప్యాకెట్‌కు దారి ఎంచుకునే పద్ధతి) అనగానే పరీక్ష కోసం, తక్కువ దూరం లెక్కగట్టే బెల్‌మన్-ఫోర్డ్ సూత్రం కంఠతా పట్టేస్తారు. సూత్రం తేలికే. అది ఎక్కడ దెబ్బతింటుందో చూస్తేనే పద్ధతి బోధపడుతుంది. ఈ పద్ధతిలో నడిచే రిప్ (RIP) ప్రోటోకాల్‌నే తీసుకుందాం.

నాలుగు రూటర్లు వరసగా ఉన్నాయనుకోండి. వాటికి మన హైవే ఊళ్ల పేర్లే పెడదాం: నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు. ఒంగోలు రూటరుకు 192.168.40.0 నెట్‌వర్కు నేరుగా తగిలించి ఉంది, కాబట్టి దానికి దూరం (దాటాల్సిన హాప్‌లు, అంటే రూటరు నుంచి రూటరుకు గెంతులు) 0. సింగరాయకొండకు 1, కావలికి 2, నెల్లూరుకు 3. నెల్లూరుకు తెలిసినవి రెండే ముక్కలు: దూరం 3, ప్యాకెట్ ఇవ్వాల్సింది కావలికి. కావలి అవతల ఏముందో దానికి తెలియదు. కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ప్రతి రూటరూ 30 సెకన్లకోసారి తన టేబుల్ మొత్తం పక్క రూటర్లకు పంపుతుంది. పంపేది యూడీపీ (మెసేజ్ అందిందో లేదో చూసుకోని పద్ధతి) 520 పోర్టులో, ఒక మెసేజ్‌లో 25 రూట్లకు మించవు. పక్కది చెప్పిన అంకెకు 1 కలిపి చూసి, తన దగ్గరున్న దానికంటే తక్కువైతే మార్చుకుంటుంది. ఇంతవరకు అందరూ రాస్తారు. రెండో నియమాన్నే వదిలేస్తుంటారు: ఇప్పుడు ఏ రూటరు మీదుగా పంపుతున్నామో అదే దూరం పెరిగిందని చెబితే, ఎంత పెరిగినా ఒప్పుకోవాలి.

ఇప్పుడు సింగరాయకొండ, ఒంగోలు మధ్య లింకు తెగింది. సింగరాయకొండ ఆ రూటు తీసేసింది. సరిగ్గా అప్పుడే కావలి నుంచి పాత టేబుల్ వచ్చింది: "192.168.40.0కి నా దూరం 2". తను చెప్పిన మాటే తనకు తిరిగొచ్చిందని సింగరాయకొండకు ఎలా తెలుస్తుంది? 3 అని రాసుకుంది. కావలి వెళ్లేది సింగరాయకొండ మీదుగానే, కాబట్టి రెండో నియమం ప్రకారం 4 అని రాసుకుంది. తర్వాత ఇక్కడ 5, అక్కడ 6. ఈలోగా నెల్లూరు నుంచి ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏ రూటర్ల మీదుగా వెళ్తుందో చూపే కమాండ్) కొడితే కావలి, సింగరాయకొండ, మళ్లీ కావలి, మళ్లీ సింగరాయకొండ అని ఒకే రెండు అడ్రసులు మారి మారి కనిపిస్తాయి. టీటీఎల్ (ప్రతి రూటరు దగ్గరా ఒకటి తగ్గే ప్యాకెట్ ఆయుష్షు లెక్క) అయిపోయేదాకా ప్యాకెట్ ఆ రెంటి మధ్యే తిరుగుతుంది.

ఈ లెక్క ఎక్కడో ఆగాలి. రిప్‌లో 16 అంటే అనంతం, చేరలేమని అర్థం. అందుకే 15 హాప్‌లు దాటిన నెట్‌వర్కుకు రిప్ పనికిరాదు.

దీనికి మొదటి మందు స్ప్లిట్ హొరైజన్: ఎవరి దగ్గర నేర్చుకున్న రూటును వాళ్లకే తిరిగి చెప్పకూడదు. దీనికే ఇంకో రూపమైన పాయిజన్ రివర్స్‌లో చెబుతారు గానీ దూరం 16 అని చెబుతారు. మన వరసకు ఇది చాలు.

కానీ కందుకూరులో ఇంకో రూటరు పెట్టి, దాన్ని కావలికీ సింగరాయకొండకూ కలపండి. త్రిభుజం అయింది. లింకు తెగగానే సింగరాయకొండ ఇద్దరికీ 16 అని పంపింది. కావలికి అందింది, కందుకూరుకు వెళ్లిన మెసేజ్ దారిలో పోయింది. యూడీపీలో పోతే పోయినట్టే. కందుకూరు తన పాత 2ను సింగరాయకొండకు చెప్పదు, నిజమే. కావలికి చెప్పడానికి అడ్డేమీ లేదు. కావలి 3, దాన్ని విని సింగరాయకొండ 4, ఆపైన కందుకూరు 5. ఎవరూ స్ప్లిట్ హొరైజన్ తప్పలేదు, అయినా లెక్క 16 వైపు నడుస్తూనే ఉంది. సిస్కో రూటర్లలో హోల్డ్‌డౌన్ ఉన్నది ఇందుకే: చెడిపోయిన రూటు గురించి 180 సెకన్ల పాటు వేరేవాళ్లు చెప్పింది నమ్మదు. ఆ కాసేపూ నిజంగా బాగున్న పక్కదారి ఉన్నా వాడుకోదు. ఆ నష్టం భరించాల్సిందే.

ల్యాబ్‌లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆటో సమ్మరీ, అంటే చిన్న నెట్‌వర్కులను రూటరు తనంతట తనే ఒక పెద్ద నెట్‌వర్కుగా కలిపి చెప్పడం. నెల్లూరు వైపు 10.1.0.0, ఒంగోలు వైపు 10.2.0.0 పెట్టి, మధ్యలో 192.168 అడ్రసులు ఇస్తే రెండు వైపుల నుంచీ 10.0.0.0 అనే ప్రచారమవుతుంది, ఏది ఎటువైపుందో మధ్య రూటర్లకు తేలదు. రిప్ వెర్షన్ 2 పెట్టగానే నో ఆటో-సమ్మరీ కమాండ్ కూడా కొట్టండి.

బయట పనిచేసేవాళ్లు చూసుకోవాల్సింది వేరే ఉంది. మధ్యలో స్విచ్చో మీడియా కన్వర్టరో (ఫైబర్‌ను రాగి తీగకు కలిపే పెట్టె) ఉంటే, అవతల ఫైబర్ తెగినా రూటరు పోర్టు అప్‌లోనే కనిపించవచ్చు. అప్పుడు రూటు చచ్చిందని తేలడానికి 180 సెకన్లు, అంటే వరసగా ఆరు అప్‌డేట్లు రాకపోవాలి. టైమర్లు తగ్గించవచ్చు. తగ్గిస్తే మాత్రం అన్ని రూటర్లలోనూ ఒకేలా తగ్గించండి. ఒకటి 30 సెకన్లకు పంపుతుంటే పక్కది 20 సెకన్లకే ఆశ వదులుకుంటే, బాగున్న రూటు కూడా వస్తూ పోతూ ఉంటుంది.