కుంట దగ్గర కెమెరా, జేబులో ట్యాగ్: అరిజోనాలో నా అనుభవం

ఆగస్టులో ఒక శనివారం పొద్దున, కుంట గట్టు మీద నిలబడి, చెట్టుకు కట్టిన నా ట్రెయిల్ కెమెరాలో (ముందు ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా) మెమరీ కార్డు మారుస్తున్నాను. వెనక నుంచి ఒక పెద్దాయన అడిగాడు: "ఆ కెమెరా నీదేనా?" అవునన్నాను. "ఈ ఏడు ట్యాగ్ వచ్చిందా?" అన్నాడు. దానికి వెంటనే నోరు పెగల్లేదు. వచ్చింది. సరిగ్గా ఈ యూనిట్‌కే వచ్చింది. ట్యాగ్ అంటే లాటరీలో దొరికే వేట అనుమతి చీటీ, యూనిట్ అంటే అది చెల్లే వేట ప్రాంతం.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట వైపు. నల్లమల అంచున పెరిగినవాణ్ని కాబట్టి కెమెరా ట్రాప్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది పులుల లెక్క. అడవిలో బాటకు రెండు పక్కలా ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. పులి నడిచి వెళ్తే రెండు వైపుల చారలూ పడతాయి, ఆ చారలతోనే ఏ పులి ఏదో పోల్చుకుంటారు. 2018 లెక్కింపులో దేశమంతటా 26 వేలకు పైగా చోట్ల ఇలా కెమెరాలు పెట్టారు. మన దగ్గర అడవిలో కెమెరా అంటే అటవీశాఖదే. 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వచ్చాక వేట అన్న మాటే లేదు.

అమెరికాలో కథ వేరు. ఇక్కడ కెమెరా ఎవరైనా కొనుక్కోవచ్చు, జాతీయ అటవీ భూమి అందరిదీ, లైసెన్సు తీసుకుని వేటాడటం చట్టబద్ధం. మా నాయినకు ఫోన్లో ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు నమ్మలేదు. "జైల్ల ఎయ్యరా బిడ్డా?" అని రెండుసార్లు అడిగాడు.

నేను ఉండేది చాండ్లర్‌లో. హైవే 87 మీద పేసన్, స్ట్రాబెర్రీ దాటి పైకి ఎక్కితే మొగొయాన్ రిమ్ వస్తుంది. అక్కడి నుంచి ఫీనిక్స్ ఎండ మర్చిపోవచ్చు, అంతా పాండెరోసా పైన్ అడవి. క్లింట్స్ వెల్ దాటాక ఒక మట్టిరోడ్డు పక్కన, పశువుల కోసం ఎప్పుడో తవ్విన చిన్న కుంట ఉంది. ఇక్కడివాళ్లు ఇలాంటి కుంటల్ని ట్యాంక్ అంటారు, మన ట్యాంక్‌బండ్‌లో ట్యాంక్ లాగానే. ఆ గట్టు మీద చెట్టుకు పట్టీతో నా కెమెరా కట్టుకున్నాను. మేకులు కొట్టలేదు. ఉత్తరం వైపు తిప్పి పెడితే ఎండ సూటిగా పడదు, ఊరికే క్లిక్ అవ్వదు. పెట్టె లోపల ఎనిమిది సన్న బ్యాటరీలు, ఒక కార్డు. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, ఇంకా పెద్దది. అవి నీళ్లకు రావడం, దూడలు తల్లి పొట్ట కింద నుంచి తొంగి చూడటం, ఒకసారి ఎలుగుబంటి కెమెరానే కొరికి మూతి నిండా ఫ్రేములో పడటం, ఇవన్నీ ఆ కార్డుల్లో ఉన్నాయి. మా అమ్మాయి వాటితో ఒక క్యాలెండర్ కూడా చేసింది.

అయితే 2020 వేసవి మర్చిపోలేను. ఆ ఏడు అరిజోనాలో వానలు మొహం చాటేశాయి. కుంట సగానికి సగం ఎండిపోయి అంచున మట్టి పెచ్చులు లేచింది. చుట్టూ చెట్లకు కెమెరాలు ఎన్నున్నాయో లెక్కపెట్టాను. నాది కాక పదకొండు. వారం వారం ఎవరో ఒకరు బండి వేసుకుని కార్డులు మార్చడానికి వచ్చేవాళ్లు. ఒక సాయంత్రం దూరంగా కూర్చుని చూశాను. ఆవుల మంద దాహంతో వచ్చి, మనుషుల్ని చూసి చెట్ల కిందే నిలబడిపోయింది. ఒక బండి పోతే ఇంకోటి వచ్చింది. చీకటి పడేదాకా అవి నీళ్ల దగ్గరికి రాలేదు. ఆవులకే అట్లా ఉంటే ఎల్క్‌ల సంగతి చెప్పక్కర్లేదు. ఆ వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని.

2021 జూన్‌లో, వేట, వన్యప్రాణుల సంగతులు చూసే అరిజోనా గేమ్ అండ్ ఫిష్ కమిషన్ ఐదుకు ఐదు ఓట్లతో నిబంధన తెచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వన్యప్రాణిని వేటాడటానికి గానీ, అందుకు సాయంగా గానీ, వేటాడేందుకు అది ఎక్కడుందో కనుక్కోవడానికి గానీ ట్రెయిల్ కెమెరాను వాడకూడదు. కెమెరానే కాదు, అది తీసిన ఫొటోలనూ వాడకూడదు. ప్రభుత్వ భూమి, సొంత భూమి అన్న తేడా లేదు, ఏడాది పొడుగునా ఇదే. ఫొటోను నేరుగా ఫోన్‌కు పంపే రకాన్ని వేటకు వాడొద్దని 2018లోనే అన్నారు, ఇది ఆ తర్వాతి మెట్టు. పరిశోధనకు, మామూలు ఫొటోగ్రఫీకి, పశువుల కాపలాకు పెట్టుకోవచ్చు.

దీని మీద గొడవ గట్టిగానే జరిగింది. వారమంతా ఉద్యోగం చేసుకునేవాడికి, కొండలెక్కలేని పెద్దవాళ్లకు కెమెరాయే కళ్లు అన్నారు కొందరు. కెమెరా జంతువును చంపదు కదా అన్నారు. మనసులో ఉద్దేశం ఏంటో ఆఫీసరు ఎలా నిరూపిస్తాడు అన్నారు, ఆ ప్రశ్న నాకూ న్యాయమైనదే అనిపించింది. రెండో వైపు వాళ్లు 'ఫెయిర్ చేజ్' అంటారు. జంతువుకు తప్పించుకునే అవకాశం మిగలాలి అని దానర్థం. ఎడారి రాష్ట్రంలో నీళ్లు కొన్ని చోట్లే ఉంటాయి, ప్రతి నీటి చుక్క మీదా ఒక కన్ను పెడితే ఇంకెక్కడికి పోతుంది? నేను ఈ రెండో వైపే. ఆ పదకొండు కెమెరాలు చూశాక ఇంకో వైపు నిలబడలేను.

నిబంధన వచ్చాక కూడా నా కెమెరా అక్కడే ఉంచాను. నేను వేటగాణ్ని కాదు, ఫొటోలు తీసుకునేవాణ్ని, నాకు వర్తించదు. అప్పటికి అది నిజమే.

తర్వాత ఆఫీసులో ఒక మిత్రుడి వల్ల వేట మీద ఆసక్తి కలిగింది. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేశాను, దానికి ట్యాగ్‌లు పంచే లాటరీలో, అంటే డ్రాలో, అవకాశం కాస్త పెంచే బోనస్ పాయింట్ ఒకటి శాశ్వతంగా ఇస్తారు. లైసెన్సు తీసుకున్నాను. ఎల్క్ డ్రాకు ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టాలి. మొదటి రెండేళ్లు రాలేదు. పోయినేడు మార్చిలో ఫోన్ చూస్తే బ్యాంకు కార్డు నుంచి ట్యాగ్ డబ్బులు కోసేసుకుని ఉన్నారు. ఇక్కడ ట్యాగ్ వచ్చిందని ముందు తెలిసేది అట్లాగే. ఆడ ఎల్క్, అక్టోబరు, 5ఏ యూనిట్. నేను ఎగిరి గంతేశాను. నా కెమెరా ఉన్నది కూడా 5ఏలోనే అన్న సంగతి ఆ సంతోషంలో తట్టలేదు. అయిదు నెలలు తట్టలేదు. ఆ పెద్దాయన అడిగితే తట్టింది.

ఆయనకు నిజమే చెప్పాను. ట్యాగ్ వచ్చిందనీ, కెమెరా అంతకుముందు నుంచే ఉందనీ, ఫొటోల కోసమనీ. ఆయన కేకలు వేయలేదు. "నువ్వు చెప్పేది నేను నమ్మొచ్చు. ఈ దారిన వచ్చే ఇంకెవరూ నమ్మక్కర్లేదు," అన్నాడు. తాను ముప్పై ఏళ్లుగా ఈ కొండల్లో తిరుగుతున్నాననీ, నిబంధన వచ్చిన రోజే తన కెమెరాలన్నీ విప్పి గ్యారేజీలో పడేశాననీ చెప్పాడు. గట్టుకు అవతలి వైపు ఇంకో రెండు కెమెరాలు చూపించాడు. "అవి ఎవరివో తెలీదు. నువ్వు మాత్రం ముట్టుకోకు. నిబంధన తప్పినా వస్తువు వాళ్లదే, తీస్తే దొంగతనం." వాటి జోలికి పోలేదు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మూడు నెలల ఫొటోలు లాప్‌టాప్‌లో ఉన్నాయి. ప్రతి ఫొటో కింద తేదీ, సమయం, చంద్రుడి కళ, ఫారెన్‌హీట్‌లో చలి ఎంతో అన్నీ అచ్చై ఉంటాయి. తెల్లవారుజామున 4:52కి ఆరు ఆడ ఎల్క్‌లు. మర్నాడు 4:47కి అవే ఆరు. అక్టోబరులో వాటి కోసం ఎక్కడ కూర్చోవాలో ఆ ఫొటోలే చెప్పేస్తాయి. నేను ఫొటోల కోసమే పెట్టాను అన్నది నిజం. కానీ చూసినదాన్ని మర్చిపోయి వేటకు వెళ్లగలనా? ఆ రాత్రి నా టెన్షన్ అంతా ఇదే.

సోమవారం గేమ్ అండ్ ఫిష్ ప్రాంతీయ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆ యూనిట్ చూసే వైల్డ్‌లైఫ్ మేనేజర్ మధ్యాహ్నం తిరిగి ఫోన్ చేశాడు. భయపడుతూ మొదలుపెట్టాను, కానీ ఆయన చాలా మర్యాదగా విన్నాడు. కెమెరా ఉండటం ఒక్కటే నేరం కాదు, దాన్ని దేనికి వాడావన్నదే ప్రశ్న అన్నాడు. "అదే కుంట దగ్గర, అదే యూనిట్ ట్యాగ్‌తో, ఆ ఫొటోల్లో ఉన్న జంతువును కొట్టి నువ్వు నాకు ఎదురుపడితే, ఏం చెప్తావ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తీసేయమని ఆయన హుకుం ఏమీ వేయలేదు. ఆ రెండు కెమెరాల సంగతి కూడా చెప్పాను, చోటు రాసుకున్నాడు.

ఆ వచ్చే శనివారమే వెళ్లి విప్పేశాను. పట్టీ బెరడులోకి కాస్త దిగబడి, బకిల్‌కు పైన్ జిగురు గట్టిపడి ఉంది. చాకు మొనతో గీకి తీయాల్సి వచ్చింది. పెట్టె వెనక ఒక సాలీడు గూడు కట్టుకుంది, దాన్ని మెల్లగా చెట్టు మీదికి వదిలాను. అక్కడ బెరడు లేతరంగులో అరచేయంత మేర మిగిలింది. ఫొటోలన్నీ ఒక డ్రైవ్‌లోకి ఎక్కించి, వేట అయ్యేదాకా నీ దగ్గరే పెట్టు అని మా ఆవిడకు ఇచ్చాను. అది ఏ నిబంధనలోనూ లేదు, నా మనసు కోసం చేసుకున్నది. ఇంకొకటి కూడా అనుకున్నాను: ఆ కుంట చుట్టుపక్కల వేటాడకూడదు. 5ఏ పెద్దది. నా కెమెరా ఎప్పుడూ చూడని తూర్పు వైపుకు పోవాలి.

సెప్టెంబరులో నాలుగు వారాంతాలు అక్కడ నడిచాను. చిన్నప్పుడు మా ఊరి కుంట దగ్గర పొద్దున్నే తడిమట్టిలో అడుగులు చూసి, ఇది అడవిపంది, ఇది రాత్రి వచ్చింది, ఇది ఇప్పుడే పోయింది అని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. అడుగు అంచు పదునుగా ఉంటే కొత్తది, చిన్న పురుగులు పాకిన గీతలు దాని మీదుంటే పాతది. ఆ చదువు ఇక్కడ అక్షరాలా పనికొచ్చింది. పేడ విరిచి లోపల తడి చూశాను. ఒక లోయలో గడ్డిలో ఎల్క్‌లు పడుకున్న గుర్తులు పది పన్నెండు దొరికాయి, వంగి చూస్తే ఇంకా ఎల్క్ వాసన.

వేట ఏడు రోజులు. మూడు రోజులు ఒక్కటీ కనబడలేదు. మూడో రాత్రి టెంట్‌లో, నిజం చెప్పాలంటే, ఆ 4:52 గుర్తొచ్చింది. అక్కడికి వెళ్తే రేపు పొద్దున్నే పని అయిపోతుంది అనిపించింది. వెళ్లలేదు. ఐదో రోజు సాయంత్రం, ఆ లోయకు పై అంచున, గాలి నా మొహం మీదికి వీస్తుండగా ఒక్క ఆడ ఎల్క్ బయటికొచ్చింది. ఒకే తూటా. ట్యాగ్ కట్టి, దండం పెట్టుకుని, మిత్రుడితో కలిసి మాంసం మోసుకుంటూ బండి దగ్గరికి తెచ్చేసరికి రాత్రి రెండయింది. వేట మాంసం అమ్మడానికి వీల్లేదు, పంచుకోవచ్చు. చాండ్లర్‌లో ఆరు ఇళ్లకు చేరింది.

పక్క రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు ఒకటి గమనించాలి, లెక్క అన్ని చోట్లా ఒకటి కాదు. నెవాడాలో క్యాలెండర్ చూసుకోవాలి: ప్రభుత్వ భూమిలో ఆగస్టు 1 నుంచి డిసెంబరు 31 దాకా కెమెరా ఉండకూడదు, ఫోన్‌కు పంపే రకమైతే జులై 1 నుంచే. యూటాలో ప్రభుత్వ భూమిలో వేట కోసం వాడటం జులై 31 నుంచి డిసెంబరు 31 దాకా నిషేధం. లాస్ వేగస్‌లో ఉన్న మా తమ్ముడు వరసైన అబ్బాయి అరిజోనాలాగే అనుకుని ఫొటోగ్రఫీ కోసమేగా అని సెప్టెంబరులో పెట్టబోయాడు, నేనే ఆపాను.

ఏప్రిల్‌లో మంచు కరిగాక కెమెరా మళ్లీ అదే చెట్టుకు కట్టాను. ఈసారి పెట్టె మీద నా పేరు, ఫోన్ నంబరు, 'ఫొటోగ్రఫీ కోసం' అని రాసి అతికించాను. ఈ ఫిబ్రవరిలో డ్రాకు దరఖాస్తు 22వ యూనిట్‌కు పెట్టాను. కెమెరా ఆ చెట్టుకు ఉన్నన్నాళ్లూ 5ఏ ట్యాగ్ అడగను.